గురువారం ఇంటర్వ్యూ

నవంబర్ 9, 2012, శుక్రవారం

ఇందుమూలంగా యావన్మంది జనానికీ డప్పు కొట్టి తెలియజేయడమేమంటే: మా హోటల్ లాబీలో ఇన్నాళ్ళుగా అలుపూ సొలుపూ లేకుండా ప్రజాసేవ చేసిన అట్ల మిషన్ ఈ ఉదయం కాలం చేసింది. పిండి పోసి తిప్పుతుండగా ఒక్క పొగ వదిలి కన్ను మూసింది. బ్రేక్‌ఫాస్ట్ హాల్లో జనం కాసేపు మౌనం పాటించి, తర్వాత బ్రెడ్డు తిన్నారు.

ఇక్కడివాళ్ళు దాన్ని వాఫుల్ అంటారు. నాకు మాత్రం అది గళ్ళు గళ్ళుగా కాలిన అట్టే.

ఈ డైరీ వసుమతి కొనిపెట్టింది. "నీ నోటికి రోజూ కాసేపు సెలవియ్యవయ్యా. వాగాలనిపిస్తే ఇందులో రాసుకో" అంది. డాక్టరు బీపీ అన్నాడు మరి. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి లారీ ఎక్కినవాణ్ణి. ఒంగోలు నుంచి కటక్ దాకా తోలాను గానీ, ఇంత పొడుగు వాక్యం ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు వర్జీనియాలో హోటల్ వ్యాన్ తోలుతున్నాను. వసుమతి అదే హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ చూస్తుంది. పోయిన మిషన్ ఆవిడ డిపార్ట్‌మెంటే.

సాయంత్రం యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ దిగింది. సొంత ఊళ్ళో ఆటైనా సరే, పిల్లలు బయట తిరక్కుండా ముందు రోజు మా హోటల్లోనే పడుకోబెడతారు. ఇది మన ఫుట్‌బాల్ కాదు. బంతి చేత్తో పట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం. ఒక్కొక్కడు రెండు వడ్లబస్తాలు కలిపి కుట్టినట్టుంటాడు. లిఫ్ట్ దగ్గర మొహం గంభీరంగా పెట్టి, "సారీ, మీ సైజు వాళ్ళు ఒక్కొక్కరే ఎక్కాలి. కొత్త రూలు" అన్నాను. పాపం, వరసలో నిలబడ్డారు. వరస పార్కింగ్ దాకా పోయింది.

చివర్న కోచ్ మేబ్రీ వచ్చాడు. వరస చూశాడు, నన్ను చూశాడు.

"టిరూ, ఈ రూలు ఎప్పుడు పుట్టింది?"

"ఇందాకే కోచ్. ఇంకా బారసాల కూడా కాలేదు."

తిరుపతయ్య అనే పేరు ఆయన నోట్లో పట్టదు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నా డైరీలోకి వచ్చినవాడు ఎవరైనా సరే తెలుగే మాట్లాడాలి, అది నా రూలు.

అట్ల మిషన్ పోయిందని చెబితే టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. "భౌతికకాయం ఎక్కడుంచారు?" అని అడిగాడు. నాకు సరిజోడు ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

వెండెల్ మేబ్రీ. నల్లాయన. యాభై దాటాయి. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ అసిస్టెంట్ కోచ్. అక్టోబర్లో హెడ్ కోచ్‌ని పీకేసి, సీజన్ అయ్యేదాకా ఈయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్‌ఛార్జి తాసిల్దారు లాగా. సంతకం ఉంటుంది, బోర్డు మీద పేరుండదు. మొదటిసారి వ్యాన్ ఎక్కినప్పుడు నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి చూసి, "టిరూ, నువ్వు నాకంటే నలుపు" అన్నాడు. మా అత్తగారు పెళ్ళిచూపుల్లో అన్నదీ ఇంచుమించు ఇదే. ఈయన నవ్వుతూ అన్నాడు, అదే తేడా.

నవంబర్ 10

గెలిచారు. బ్రెడ్డు తిని గెలిచారు. మిషన్ బాగు చేయించొద్దని కోచ్ కబురు.

నవంబర్ 14

కొత్త హెడ్ కోచ్ కోసం వెతుకులాట మొదలైంది. ఎవరెవరు దిగుతున్నారో కనిపెట్టడానికి ఊళ్ళో అభిమానులు చిన్న ఎయిర్‌పోర్టు కంచె పక్కన ట్రక్కులు ఆపుకుని, బైనాక్యులర్లు పెట్టుకుని కూర్చుంటున్నారట. ఏ విమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో కంప్యూటర్లో చూసి చెప్పుకుంటారట. వెర్రి అంటే ఇదీ.

వెర్రికి మందు నా దగ్గరుంది. హోటల్ దిళ్ళు నాలుగు తెచ్చి, కోటు తొడిగి, టోపీ పెట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టి, వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టాను. ఎయిర్‌పోర్టు గేటులోంచి పెళ్ళికొడుకుని తీసుకొచ్చినట్టు మెల్లగా బయటికొచ్చాను. వెనకే నాలుగు ట్రక్కులు. ఊరంతా తిప్పి, ఆఖరికి కార్ వాష్‌లోకి తోలాను. బ్రష్షులు దడదడలాడుతున్నా లోపలి పెద్దమనిషి తల కూడా తిప్పలేదు. ఎంత గుండె ధైర్యం అనుకుని ఉంటారు.

కోచ్‌కి ఫోన్ చేసి, "మీకు పోటీగా ఒకాయన వచ్చాడు. చాలా మెత్తటి మనిషి" అని చెప్పాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, నేను పెట్టేసేదాకా.

నవంబర్ 15

డాక్టరు రామమోహన్ గారు పిలిచారు. నెల్లూరాయన, గుండెల డాక్టరు, మా హోటల్ ఓనరు. స్టేడియంలో పైన అద్దాల గదిలో ఆయనకో సీటుంది. ఆ సీటంటే ఆయనకి గుండెల కన్నా ఎక్కువ.

"తిరుపతయ్యా, ఆ దిండు నువ్వే గదా?"

"ఏ దిండు సార్?"

"నవ్వబాక. యూనివర్సిటీలో ఆటలన్నిటికీ పెద్దాయన ఉన్నాడే, ఆయన ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూలన్నీ మన మూడో అంతస్తులోనే, గుట్టుగా. నిన్ను నమ్మి వ్యాన్ ఇస్తుండా. ఇంకొక్క తమాషా చేశావంటే నువ్వూ ఇంటికే, వసుమతీ ఇంటికే. భాస్కర్ మొహం చూసి ఇచ్చిన ఉద్యోగాలయ్యా ఇవి."

భాస్కర్ వసుమతికి అన్నయ్య. హెర్న్‌డన్‌లో ఉంటాడు. మమ్మల్ని ఈ దేశానికి తెచ్చింది ఆయనే.

"ఇయ్యాళ్టి నుంచి నేను మూగోణ్ణి సార్" అన్నాను. తలుపు దాకా వెళ్ళి, ఆగలేక అడిగాను. "మన కోచ్ మేబ్రీకి ఇస్తారా సార్?"

"మంచోడే. పిల్లకాయలు ప్రాణం పెడతారు. కానీ హెడ్ కోచ్ అంటే ఆట ఒక్కటే కాదు. విరాళాలిచ్చే పెద్దోళ్ళతో కూచోవాల, వాళ్ళిళ్ళల్లో భోంచెయ్యాల. టీమ్‌కి మొహం లాంటోడు. అర్థమయిందా?"

"ఆయన మొహం బాగానే ఉంది గదా సార్."

"ఇంటర్వ్యూకి పిలుస్తార్లే. ఒక్క నల్లాయన్నన్నా పిలవకుండా ఎవర్నీ తీసుకోకూడదు, యూనివర్సిటీ రూలు. అయినా వాళ్ళ గొడవ మనకెందుకయ్యా?"

నిజమే. మనకెందుకు.

నవంబర్ 17

ఓడారు. కొద్దిలో పోయింది. బ్రెడ్డు మహిమ అయిపోయినట్టుంది.

నవంబర్ 18

బీపీ చూసుకున్నా. మామూలే.

నవంబర్ 22, థాంక్స్‌గివింగ్

హెర్న్‌డన్‌లో భాస్కర్ బావ ఇంట్లో భోజనాలు. టర్కీ కోడికి ఆవకాయ పూసి కాల్చారు, కోడి కూడా అంత గౌరవం ఎరిగి ఉండదు. బావ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన కింద పనిచేసే కిరణ్‌కుమార్ కూడా వచ్చాడు. గ్రీన్ కార్డ్ ఫైల్ చేశారని స్వీట్లు తెచ్చాడు.

"ఐదేళ్ళుగా ఆ సీట్లో కూచున్నాడు బావా, కిరణ్" అన్నాడు భాస్కర్. "గ్రీన్ కార్డ్ ఫైల్ చెయ్యాలంటే, ఆ జాబ్‌కి ఇక్కడోడు ఎవడూ దొరకలేదని ముందు చూపించాలి. అందుకని సండే పేపర్లో యాడ్ వేస్తాం."

"ఉన్న ఉద్యోగానికా?"

"ఉన్న ఉద్యోగానికే."

"పెళ్ళైపోయిన పిల్లకి పెళ్ళిచూపులన్నమాట."

గది గొల్లుమంది. కిరణ్ స్వీటు గొంతుకి అడ్డం పడి దగ్గాడు.

"నవ్వుతావు గానీ బావా, మొన్న ఒకాయనొచ్చాడు" అన్నాడు భాస్కర్. "మన వయసే ఉంటది. సూటూ టై. బూట్లు అద్దంలా ఉన్నాయి. అడిగినవన్నీ బానే చెప్పాడు. చివరికి ఏదో ఒక స్కిల్ లేదని రాసి పంపించేశాం. మర్నాడు థాంక్యూ మెయిల్ పెట్టాడు. నా టైం ఇచ్చినందుకంట."

నేను ఊరుకుంటానా? లేచి, లేని టై సవరించుకుని, టర్కీ కోడి ముందు వంగి, "థాంక్యూ సార్. పిలిచి మరీ వద్దన్నందుకు చాలా థాంక్స్ సార్" అన్నాను. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వారు. భాస్కర్ బావ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"అంకుల్, మీరు టీవీలో ఉండాల్సినోళ్ళు" అన్నాడు కిరణ్.

నవంబర్ 24

ఆఖరి ఆట గెలిచారు. లాబీ టీవీలో చూశాను. పిల్లలు కోచ్‌ని భుజాల మీదికి ఎత్తేశారు. స్టేడియం మొత్తం ఆయన పేరే.

"ఇంక ఇయ్యక చస్తారా?" అన్నాను వసుమతితో.

"నీకెట్లా తెలుసు?" అంది. కప్పులు తుడుస్తూనే.

నవంబర్ 26, సోమవారం

పిల్లలు మర్చిపోయిన చార్జర్లూ, ఒక ఒంటి బూటూ తీసుకెళ్ళడానికి కోచ్ వచ్చాడు. వసుమతి టీ ఇచ్చింది. కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు.

"గురువారం నాకు ఇంటర్వ్యూ, టిరూ."

"నాకెందుకు చెప్తున్నారు? నేను కమిటీలో లేను."

"అలబామాలో ఒక చిన్న కాలేజీ పిలుస్తోంది. హెడ్ కోచ్‌గా. ఇంటర్వ్యూ లేదు, ఏం లేదు. వస్తావా రావా అంతే. బుధవారం సాయంత్రంలోగా చెప్పాలి."

నేను జోకు వెతుక్కుంటున్నాను. దొరకలేదు.

"ఇంతకుముందు కూడా కొన్నిచోట్ల పిలిచారు" అన్నాడు. "కాఫీ ఇచ్చారు, చక్కగా మాట్లాడారు, కారు దాకా వచ్చి సాగనంపారు. తర్వాత టీవీలో ఇంకొకళ్ళ పేరు. కానీ ఇక్కడ నన్ను ఎరుగుదురు కదా. ఈ పిల్లల్ని టీమ్‌లోకి తీసుకురావడానికి వాళ్ళ అమ్మల వంటిళ్ళలో కూర్చున్నాను. మీ వాణ్ణి నేను చూసుకుంటానని మాటిచ్చాను. అలబామా వెళ్తే ఆ మాట ఏమవుతుంది?"

తర్వాత ఫోన్లో రెండు టైలు చూపించాడు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నేను నీలం అన్నాను. వసుమతి ఎరుపంది. ఎరుపుకే ఓటేశాడు. ఆడవాళ్ళ మాట వినేవాడు ఎప్పటికైనా పైకొస్తాడని చెప్పాను.

నవంబర్ 27, మంగళవారం

పొద్దున్నే రామమోహన్ గారు స్వయంగా ఫోన్ చేశారు. "ఎయిర్‌పోర్టులో ఒక మేడమ్ దిగుతుంది. ఇళ్ళు చూపించే ఏజెంటు కూడా వస్తది. వాళ్ళు ఎక్కడికి తిప్పమంటే అక్కడికి తిప్పు. నోరు కట్టేసుకో."

చిన్నావిడ. బంగారు రంగు జుట్టు. మర్యాదస్తురాలు, వ్యాన్ తలుపు నేను తీయకముందే తనే తీసుకుని సారీ చెప్పింది. వాళ్ళాయన ఎక్కడో హెడ్ కోచ్. ఆదివారమే మా మూడో అంతస్తుకి వచ్చి వెళ్ళాడట. ఏజెంటుతో ఆవిడ అంటుంటే వినపడింది. నేను చెవులు కట్టేసుకోలేదు, నోరొక్కటే కట్టుకోమన్నారు.

మూడు ఇళ్ళు చూశారు. మూడో ఇంట్లో ఆవిడ టేపు తీసి గోడ కొలిచింది. "పాప మంచం పడుతుంది. క్రిస్మస్ చెట్టు ఈ మూల పెట్టొచ్చు" అంది.

"శుక్రవారం ప్రకటించేదాకా ఎవరికీ తెలియకూడదు కదా" అంది ఏజెంటు. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇంగ్లీషు రానివాడిలా పళ్ళికిలించాను. అది నాకు బాగా వచ్చిన వేషం.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చింది. పాపం, పొద్దున్నుంచీ మాతో తిరుగుతున్నావు అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

పెళ్ళైపోయింది. గురువారం పెళ్ళిచూపులు.

అదే రోజు, సాయంత్రం

వసుమతికి చెప్పాను.

"చెప్పెయ్యి" అంది.

"ఎవరికి?"

"ఎవరికేందయ్యా, కోచ్‌కి! రేపు సాయంత్రంలోగా అలబామా వాళ్ళకి ఔనని చెప్పుకుంటాడు."

"మన ఉద్యోగాలు?"

"పోతే పోతాయి. మా అన్నయ్య ఇంట్లో పడుందాం. ఆ మనిషి ఈ బల్ల మీద కూచోని టై ఏదని అడిగాడు నన్ను. చెప్పెయ్యి."

రేపు పొద్దున్నే చెప్తాను. పొద్దున్నే ఫోన్ చేస్తాను. కాదు, ఫోన్లో చెప్పేది కాదు ఇది. ఎదురుగా చెప్తాను.

నాకేం భయం లేదు.

బీపీ కొంచెం ఎక్కువుంది. టీ వల్ల.

నవంబర్ 28, బుధవారం, ఉదయం

అట్ల మిషన్‌కి కొత్త తీగ వేసి పోయారు. లేచి కూర్చుంది.

సాయంత్రం

చెప్పాను.

దేవుడే కలిపాడు. కోచ్ తనే ఫోన్ చేశాడు. ట్రక్కు బ్యాటరీ పోయిందట. డ్రై క్లీనింగ్ షాపులో సూటు తీసుకోవాలి, వ్యాన్ తెస్తావా అన్నాడు. వెళ్ళాను. సూటు తెచ్చి వెనక సీటు పైన కొక్కేనికి తగిలించాడు. ప్లాస్టిక్ కవర్లో ఊగుతోంది. అద్దంలో చూస్తే వెనక మూడో మనిషి కూర్చున్నట్టే ఉంది.

ఊరి బయట చర్చి దగ్గర వ్యాన్ పక్కకి ఆపాను. ఇంజన్ కట్టేశాను.

"కోచ్, ఒక మాట. ఇది తమాషా కాదు" అన్నాను.

అంతా చెప్పాను. ఎయిర్‌పోర్టు, మేడమ్, మూడు ఇళ్ళు, పాప మంచం, క్రిస్మస్ చెట్టు, శుక్రవారం ప్రకటన. మగాడిలా చెప్పాను. ఒక్క మాట తడబడలేదు. ఇంగ్లీషులో ఒక్క తప్పు రాలేదు. "గురువారం మిమ్మల్ని పిలిచింది రూలు కోసం. అలబామాకి ఔనని చెప్పండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

కోచ్ నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. తర్వాత వ్యాన్ మొత్తం కదిలింది.

"దిండు!" అన్నాడు, నవ్వుతూ. "ఇంకో దిండు పెట్టావు నాకు!"

"మా అమ్మ మీద ఒట్టు కోచ్."

"నీ ఒట్లు నాకు తెలుసు. లిఫ్ట్‌కి రూలు పెట్టినవాడివి."

ఎంత చెప్పినా నమ్మలేదు. నేను చూస్తుండగానే అలబామాకి ఫోన్ చేసి, మీరు పిలవడం నాకు గౌరవం, కానీ రాలేను అని చెప్పాడు. నేను చేయాల్సింది చేశాను. నాదేముంది ఇందులో? ఎవడు మాత్రం ఏం చేస్తాడు?

ఇంటికి రాగానే వసుమతి అడిగింది, "చెప్పావా?"

"చెప్పా. నమ్మలేదు."

"నీ తమాషాలు తగలెయ్య" అని తల పట్టుకుంది.

చెప్పాను. నమ్మలేదు. చెప్పాను.

నవంబర్ 29, గురువారం

వచ్చాడు. ఎర్ర టై. బూట్లు అద్దంలా ఉన్నాయి. లాబీలో నేను కనబడగానే నిలబడి చేతులు చాపాడు, ఎట్లా ఉన్నానని. "పెళ్ళికొడుకు" అన్నాను తెలుగులో. అర్థం అడిగాడు. చెప్పాను. సంతోషించాడు.

లిఫ్ట్ ఎక్కుతూ, "నేనొక్కణ్ణే ఎక్కాలా, ఎవరైనా తోడు రావచ్చా?" అన్నాడు.

చాలాసేపు పైనే ఉన్నాడు. నేను లాబీ అద్దాలు తుడిచాను. తుడిచినవే తుడిచాను.

దిగొచ్చాడు. "బాగా జరిగింది టిరూ. పిల్లల చదువుల గురించి అడిగారు. వచ్చే ఐదేళ్ళకీ ప్లాను అడిగారు. ఒకాయన రాసుకున్నాడు కూడా." తర్వాత ఫ్రంట్ డెస్కులో కవర్లు అడిగాడు. కమిటీలో ఒక్కొక్కరికీ తన చేత్తో థాంక్యూ రాసిస్తాడట.

కవర్లు నేనే ఇచ్చాను.

నవంబర్ 30

ప్రకటించారు. వసుమతి టీవీ కట్టేసింది.

డిసెంబర్ 1

ఏం లేదు.

డిసెంబర్ 2

అలబామా కాలేజీలో వేరే ఎవర్నో తీసుకున్నారట. కొత్త హెడ్ కోచ్ తన మనుషుల్ని తను తెచ్చుకుంటాడట, పాత అసిస్టెంట్లందరూ ఇళ్ళకే అట. రామమోహన్ గారు చెప్పారు. "జెంటిల్‌మన్. ఒక్క మాట అనలేదు చూడు" అని కోచ్‌ని మెచ్చుకున్నారు కూడా.

నేను చెప్పాను. వినలేదు. బీపీ మామూలే.

డిసెంబర్ 4, మంగళవారం

కోచ్ వచ్చాడు, వెళ్ళొస్తానని చెప్పడానికి. పెన్సిల్వేనియాలో తమ్ముడి దగ్గరికి పోతున్నాడు. ఆ తర్వాత ఏమిటో తెలియదన్నాడు. బ్రేక్‌ఫాస్ట్ హాల్లో జనం లేరు. వసుమతి తనే పిండి పోసి, మిషన్ తిప్పి, అట్టు తీసి ప్లేటులో పెట్టింది. ఆయన నిలబడే తింటున్నాడు.

నేను మాట్లాడుతూనే ఉన్నాను. చలి గురించి, పెన్సిల్వేనియా మంచు గురించి, మంచులో జారిపడిన ఒక బ్యాంకు మేనేజరు గురించి.

వసుమతి నన్నాపింది. ఆవిడ ఇంగ్లీషులో గుడ్లూ బ్రెడ్డూ తప్ప పెద్దగా ఉండవు. ఉన్నవాటితోనే కూడబలుక్కుని అడిగేసింది.

"కోచ్ గారూ, మా ఆయన మీకు ముందే చెప్పాడు గదా? బుధవారం. వేరే అతనికి ఖాయమైపోయిందని. మీరెందుకు నమ్మలేదు?"

కోచ్ ఫోర్కు ప్లేటులో పెట్టాడు. నా వైపు చూశాడు. నేను మిషన్ వైపు చూశాను.

"అవునమ్మా" అన్నాడు. "చెప్పాడు. నేనే నమ్మలేదు."

"ఈయన తమాషాలు చేసీ చేసీ, నిజం చెప్పినా ఎవరూ నమ్మట్లేదు."

"కాదమ్మా. ఆయన తప్పేం లేదు. తప్పు నాదే."

వసుమతి రెండు చేతులూ పట్టుకుని థాంక్యూ చెప్పాడు. నేను ట్రక్కు దాకా వెళ్ళాను. పిలవకుండానే. తాళం తీశాడు, ఎక్కలేదు.

"బుధవారం నాతో ఏం చెప్పావో గుర్తుందా టిరూ?"

"ఉంది కోచ్."

"నాకూ ఉంది."

వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 5

ఇందుమూలంగా ఎవరికీ తెలియజేసేది ఏమీ లేదు. ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే. నాకే అబద్ధాలు రాసుకున్నాను కాబట్టి ఏది నిజమో ఏది కాదో నేనే చెప్పాలి.

లిఫ్ట్ రూలు నిజం. వరస పార్కింగ్ దాకా పోలేదు, లాబీలోనే ఆగింది. దిండు నిజం. వెనక వచ్చింది నాలుగు ట్రక్కులు కాదు, ఒకటే. అదీ కార్ వాష్ దాకా రాలేదు.

థాంక్స్‌గివింగ్ రోజు అందరూ నవ్వారని రాశాను. భాస్కర్ బావ నవ్వలేదు. నేను టై సవరించుకుంటుండగా ప్లేటు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు. కిరణ్ కూడా తల వంచుకున్నాడు. టీవీ మాట ఎవరూ అనలేదు.

మేడమ్ నిజం. పాప మంచం నిజం. మంచినీళ్ళ సీసా నిజం, ఇంకా వ్యాన్‌లోనే ఉంది.

చర్చి దగ్గర వ్యాన్ ఆపింది నిజం. ఇంజన్ కట్టేసింది నిజం. "కోచ్, ఒక మాట" అన్నదీ నిజం. ఆ తర్వాత రాసినదంతా నేను కల్పించింది, ఒక్క అలబామా ఫోను తప్ప. "దిండు" అని ఆయన అనలేదు. ఒట్టు నేను వెయ్యలేదు. ఆ మాటల్ని మంగళవారం రాత్రంతా ఇంగ్లీషులో పేర్చుకున్నాను, అందుకే డైరీలో తప్పుల్లేకుండా వచ్చాయి.

నేను ఆయనతో చెప్పలేదు. నా తమాషాల వల్ల నమ్మలేదన్నది కూడా కల్పనే. నమ్మడానికి ఆయన దగ్గర ఏముందని? వసుమతికి చెప్పిందీ అబద్ధమే. ఆవిడ ఇప్పటికీ కోచ్‌నే తప్పు పడుతోంది. నా కోసం ఆయన కూడా ఒక అబద్ధం ఆడి పోయాడు. ఈ విషయం ఆవిడకి ఇంకా చెప్పలేదు.

రామమోహన్ గారి భయం అని రాద్దామనుకున్నాను. వసుమతి ఉద్యోగం అని రాద్దామనుకున్నాను. ఆవిడ పోతే పోనిమ్మంది. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

"ఒక మాట" అన్నాక ఆయన నా వైపు తిరిగాడు. ఫోన్ అప్పటికే చేతిలో ఉంది, అలబామా నంబరు తీసి. వెనక సూటు ఊగుతోంది. నాకు కావలసినంత టైముంది. అప్పుడు నేను డప్పు కొట్టినట్టు డాష్‌బోర్డు మీద చేత్తో కొట్టి, అట్ల మిషన్ మళ్ళీ బతికిందని ప్రకటించాను.

ఆయన నవ్వాడు. అది మాత్రం నేను కల్పించలేదు. బాగా నవ్వాడు. నవ్వుతూనే అలబామాకి ఫోన్ చేశాడు.